తేట నీళ్లలో ఆకలి

బేస్తవారిపేట అన్న పేరు వినగానే కొత్తవారు రెండు విధాలుగా అర్థం చేసుకుంటారు. కొందరికి అందులో బేస్తవారం వినిపిస్తుంది, కొందరికి బెస్తవారు. వలలనూ పడవలనూ ఊహించుకొనే ఆ రెండవ రకం వారిని చూస్తే నాకు కొంచెం జాలి కలుగుతుంది. మా ఊరికి సముద్రం నూరు కిలోమీటర్లకు పైమాటే. నల్లమలకు దగ్గరగా, మెట్ట నేలల మధ్య, వాన కోసం తలెత్తి చూసే ఊరు అది. చేపలంటే మాకు పొరుగున ఉన్న కంభం చెరువు చేపలే. చెరువు నిండిన ఏడాది పచ్చిచేపలు, ఎండిన ఏడాది ఎండుచేపలు.

అటువంటి ఊళ్లో పుట్టినవాడు డాలస్ శివారులో, తన ఇంటి ముందుగదిలో, 680 లీటర్ల ఉప్పు సముద్రాన్ని పెట్టుకొని దానికి ఊడిగం చేస్తున్నాడంటే నవ్వేవారు నవ్వవచ్చు. మా ఆవిడ నవ్వడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు కరెంటు బిల్లు వచ్చిన రోజున మాత్రం తొట్టి వంకా నా వంకా మార్చి మార్చి చూస్తుంది, అంతే.

ఈ పిచ్చి ఎక్కడిదని వెనక్కి తిరిగి చూసుకుంటే, చేపల కన్నా ముందు నీళ్లే కనబడతాయి. మా పడమటి ప్రకాశంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మేము పెరిగే రోజుల్లో ఆ లెక్కలు ఎవరికి తెలుసు? లెక్క నా పళ్ల మీద ఉంది, గోధుమరంగు చారలుగా. మా పెదనాయన మెడ మీద ఉండేది. వెనకనుంచి పిలిస్తే ఆయన తల తిరిగేది కాదు, మనిషి మనిషే తిరిగేవాడు. ఆ నీళ్లు చూపుకు మాత్రం ఎంత తేటగా ఉండేవని! అడుగున వేసిన రూపాయి బిళ్ల మీది అక్షరాలు చదవవచ్చు. నీళ్లను కంటితో నమ్మకూడదన్న సంగతి నేను ఊరినుంచి మూటగట్టుకొని వచ్చాను. ఇప్పుడు ఊళ్లో తాగడానికి ఆర్వో ప్లాంటునుంచి తెచ్చుకొనే ఇరవై లీటర్ల క్యాన్లే దిక్కు.

పగడాల తొట్టికి కూడా ఆర్వో నీళ్లే కావాలని మొదటిసారి తెలిసినప్పుడు నాకు వింతగా, ఏదో చుట్టరికం కలిసినట్టుగా అనిపించింది. కుళాయి నీటిలోని ఫాస్ఫేట్లు, నైట్రేట్లు నాచును పెంచుతాయి. గొట్టాలనుంచి వచ్చే రాగి, కొంచెమైనా సరే, వెన్నెముక లేని సముద్ర జీవులకు విషం. అందుకని నీటిని పలుచని పొరలగుండా ఒత్తిడితో పంపి, ఆపైన రెసిన్ గొట్టంలోనుంచి దించి, టీడీఎస్ మీటరు మీద సున్నా చూపించేదాకా శుద్ధి చేస్తాము. అప్పుడు లీటరుకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపితే సముద్రం తయారు. తమాషా ఏమిటంటే, అసలు సముద్రపు నీటిలో సహజంగానే లీటరుకు ఇంచుమించు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. నేను ఇంత తిప్పలుపడి తీసివేసిన దాన్ని ఉప్పు సంచిలోనుంచి తిరిగి నేనే పోస్తున్నానన్నమాట.

ఆ మీటరు మీది సున్నా నాకు ఇచ్చిన తృప్తి ఇంతా అంతా కాదు. మొదటి రెండేళ్లూ నేను సాకినది చేపలను కాదు, సున్నాలను. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. ప్రోటీన్ స్కిమ్మరు ఒకటి, ఫాస్ఫేటును పీల్చే గుళికలు ఒక గొట్టంలో, బొగ్గు ఒక గొట్టంలో, నీటిలోని నలకను పట్టే ఉన్ని సంచీ రోజు విడిచి రోజు ఉతకడం... అలా ఉండేది. నీళ్లు అద్దంలా ఉండేవి. వచ్చినవాళ్లు తొట్టిలో నీళ్లు లేవేమో అనుకొని దగ్గరికి వచ్చి చూసేవారు. నేను లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఆ నీళ్లలోకే మొదటి సీతాకోకచేపను తెచ్చాను.

దాని పేరు కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై. శాస్త్రజ్ఞులకు కెల్మాన్ రోస్ట్రాటస్. 1758లో లిన్నేయస్ పేరుపెట్టిన చేపల్లో ఇదొకటి. తెల్లని పలుచని ఒంటిమీద నిలువుగా రాగిరంగు పట్టెలు, వీపు చివర తోక దగ్గర శత్రువును మోసగించడానికి నల్లని దొంగకన్ను, ముందుకు పొడుచుకు వచ్చిన సన్నని మూతి. అండమాన్ సముద్రం మొదలుకొని ఆస్ట్రేలియా, జపాన్ దక్షిణ ద్వీపాల వరకు పగడపు దిబ్బల్లో తిరుగుతుంది. ఆ మూతిని చూసి పూర్వం పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. 1764లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ష్లోసర్ అనే ఆయన, బటావియానుంచి వచ్చిన ఒక చేప నోటితో నీటిచుక్కలు చిమ్మి ఒడ్డుమీది పురుగులను కొట్టి పడవేస్తుందని వ్రాశాడు. అలా వేటాడే చేప నిజంగానే ఉంది, ఆర్చర్ చేప. కానీ ఆయన చేతికి వచ్చి, పత్రికలో బొమ్మగా పడినది మాత్రం మన రాగిపట్టెల చేప! చాలాకాలం ఈ అమాయకురాలు చేయని వేటకు పేరు మోసింది. దాని మూతి విల్లు కాదు, పట్టకారు. రాళ్ల సందుల్లో, పగడాల మొదళ్లలో దాక్కున్న సన్నని పురుగులను, గొట్టంపురుగులను ఒక్కొక్కటిగా ఏరుకు తినడానికి ఏర్పడిన మూతి అది. తెల్లవారింది మొదలు చీకటిపడేదాకా ఒక సందునుంచి ఇంకో సందుకు పోతూ పొడుచుకు తింటూనే ఉంటుంది.

నా తొట్టిలో అది సందు సందునా వెతికింది. మొదటి వారమంతా ఆ వెతుకులాట చూసి, ఎంత హుషారుగా ఉందో అని మురిశాను. గడ్డకట్టించిన రొయ్యపిల్లలు వేస్తే దగ్గరికి వచ్చి ఒక కంటితో చూసి, తల తిప్పుకొనేది. రేకుల తిండి ముఖం కూడా చూడలేదు. రెండవ వారానికి పొట్ట లోపలికి పోయింది. నేను నీళ్లు పరీక్షించాను. అన్నీ సున్నాలే. ఉప్పు సరిగ్గా ఉంది, వేడి 25 డిగ్రీలు, అమ్మోనియా లేదు. అయినా ఎందుకైనా మంచిదని ఇంకొంచెం నీరు మార్చాను. మూడవ వారానికి తల వెనుక కండ కరిగి, వెన్ను కత్తి అంచులా తేలింది. ఆ దశకు వచ్చిన చేప తిన్నా బ్రతకడం అరుదు. పందొమ్మిదవ రోజు తెల్లవారి లైట్లు వెలిగేసరికి పంపు మూతికి అంటుకొని ఉంది. ఆ ఉదయం కూడా నీళ్లు పరీక్షించానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అన్నీ బాగున్నాయి.

దుకాణాలకు వచ్చే కాపర్‌బ్యాండ్లు సముద్రంలో పట్టుకొని తెచ్చినవే. ఫిలిప్పీన్స్ ప్రాంతంలో 1960ల నుంచి రంగుచేపలను పట్టడానికి దిబ్బల సందుల్లో సయనైడ్ నీళ్లు చిమ్మే అలవాటు ఒకటి పాకింది. చేప మత్తెక్కి చేతికి వస్తుంది, చుట్టుపక్కల పగడం చస్తుంది. నా చేప అలా వచ్చిందో, వలలో వచ్చిందో దుకాణంవాడికీ తెలియదు. ఒకటి మాత్రం నిజం, అది తన దిబ్బమీద ఉంటే తింటూ ఉండేది. (మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఊళ్లో ఎవరికైనా నాలాంటి కోరిక పుడితే, ముందు ఆ సంగతి తెలుసుకోవడం మంచిది.) ఇక దాని జోలికి పోకూడదనుకున్నాను.

ఆ ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. నాన్న పోయి అప్పటికి ఏడాది. ఆరునెలల వీసా అనుమతి, రెండు పెట్టెల నిండా కందిపొడులు, ఎండుమిరపకాయలు. వచ్చిన మరునాడే గరాజులో ఆర్వో యంత్రం వెనక గొట్టంలోనుంచి నీళ్లు కాలువలోకి పోవడం చూసింది. ఒక లీటరు మంచినీరు తీయడానికి మూడు నాలుగు లీటర్లు వృథాగా పోతాయి. నేను ఆ మాట మామూలుగానే చెప్పాను.

"ఇన్ని నీళ్లు ఊరికే పారబోస్తుండావా? ఎవురు తాగేదానికిరా ఇది?"

"తాగడానికి కాదమ్మా, చేపలకు."

అమ్మ ఏమీ అనలేదు. మధ్యాహ్నానికల్లా గొట్టం కింద బకెట్లు వచ్చాయి. జూన్ నాటికి ఇంటి వెనక గోంగూర, టమేటా, రెండు పాదుల బీర. ఇప్పటికీ ఆ నీళ్లు వాటికే పోతున్నాయి.

సాయంత్రాలు ఆమె తొట్టిముందు కుర్చీ వేసుకొని కూర్చొనేది. ఈ ఊళ్లో ఆమెకు వేరే చూడదగిన వీధి లేదు. ఒకనాడు ఆ పోయిన చేప కథ చెప్పాను. విని చాలాసేపు అద్దంలోకి చూసి, "నీళ్లు శుభ్రంగానే ఉండాయిరా. మరి అది తినేదానికి దీంట్లో ఏముంది? చెరువులో చేపకు ఎవురు వండి పెడతారు? నీళ్లలోనే గదా దాని కూడు," అంది. ఆపైన, నేను పూర్తిగా మరచిపోయిన ఒక సంగతి గుర్తుచేసింది. ఏడెనిమిదేళ్ల వయసులో కంభం చెరువునుంచి హార్లిక్స్ సీసాలో నాలుగు పరిగెపిల్లలను తెచ్చానట. ఇంటికి రాగానే ఆ మట్టినీళ్లు పారబోసి, తేటగా ఉన్న మా బావినీళ్లు పోశానట. తెల్లవారేసరికి నాలుగూ పైకి తేలాయట. "అప్పుడు గూడా నీళ్లు మురికిగా ఉండాయని ఒకటే ఏడుపు నీకు," అంది.

కంభం చెరువును శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ అడ్డంగా వేసిన కట్ట. అంతర్జాతీయ నీటిపారుదల సంఘం 2020లో దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ నీళ్లు ఎన్నడూ అద్దంలా ఉండగా నేను చూడలేదు. చేయి పెడితే మణికట్టు దాటి కనబడదు. వలతీస్తే చేపలు మాత్రం బరువుకు చేతులు నొప్పి పుట్టేటంత.

నిజానికి అమ్మ అన్న మాట నేను చదివిన పుస్తకాల్లోనూ ఉంది. పగడపు దిబ్బల చుట్టూ నీరు పోషకాలు లేక బీదగా ఉంటుంది. పరీక్ష చేస్తే నైట్రేటూ ఫాస్ఫేటూ దాదాపు లేనట్టే. ఆ బీద నీటిలో అంత జీవం ఎలా ఉందన్నది డార్విన్ పేరుమీద చెప్పుకొనే చిక్కుముడి. నీటిలో కరిగి ఉన్నది తక్కువే గాని, ఒకరి నోటినుంచి ఒకరి నోటికి మారుతూ పోయే తిండి ఎడతెగకుండా ఉంటుంది. నేను ఆ మొదటి సగమే తెచ్చి పెట్టుకున్నాను. దిబ్బలోని లేమిని అచ్చుగుద్దినట్టు తయారుచేసి, కలిమిని వడపోసి పారబోశాను. నా పగడాలు కూడా ఆ రోజుల్లో రంగు వెలిసి పాలిపోయి ఉండేవి. రాళ్లమీద జిగటగా గోధుమరంగు పొర ఒకటి పట్టి ఒక పట్టాన పోయేది కాదు. డైనోఫ్లాజెలేట్లు అంటారు వాటిని. నైట్రేటూ ఫాస్ఫేటూ పూర్తిగా అడుగంటిన తొట్లలో అవి తరచుగా తల ఎత్తుతాయి. నేను వాటిని చూసి, నీళ్లు ఇంకా శుభ్రం కాలేదనుకొని ఇంకా వడపోసేవాణ్ణి!

గుళికల గొట్టం తీసివేశాను. ఉన్ని సంచీ తీసివేశాను. తొట్టి కింది అరలో ఒక గదిని ఖాళీ చేసి కీటోమార్ఫా అనే పచ్చని చిక్కునాచు వేసి, రాత్రిపూట దీపం పెట్టాను. అందులో కోపెపాడ్‌లనే చుక్కంత పురుగులను వదిలితే కొన్ని వారాల్లో గోడల నిండా పాకాయి. నైట్రేటును 5కూ 10కీ మధ్య ఉండనిచ్చాను. ఆ అంకె చూసి మొదట్లో నాకు నిద్ర పట్టలేదు. నీళ్లు కొంచెం పసుపుగా, నలకలుగా ఉండేవి. రాళ్ల సందుల్లో ముళ్లపురుగులు తిరగడం, గొట్టంపురుగులు తెల్లని విసనకర్రలు విప్పడం మొదలైంది. పగడాలకు రంగు తిరిగింది.

రెండవ చేపను తేవడానికి జూన్‌లో ధైర్యం వచ్చింది. ఈసారి దుకాణంలో దాన్ని రెండు వారాలపాటు చూశాను. మరీ చిన్నదాన్ని తీసుకోకూడదు, ఒంట్లో నిలవ ఉండదు. మరీ పెద్దది కొత్త తిండి నేర్చుకోదు. నాలుగంగుళాలకు అటూ ఇటూగా ఉన్నది మంచిది. తల వెనక ఎత్తుగా, నిండుగా ఉండాలి. ఏదో ఒకటి తింటుండగా చూపమని అడగాలి. నేను ఎంచుకున్నది రాతిమీద పట్టిన ఐప్టేసియాను పొడుచుకు తింటుండగా చూశాను. ఇది పగడాలను కుట్టి బాధించే కలుపుజాతి. చాలామంది ఈ చేపను తెచ్చుకొనేది ఆ కలుపు తినిపించడానికే. కలుపు అయిపోయాక అది ఏం తిని బ్రతకాలన్న సంగతి చేప చచ్చాకగాని గుర్తురాదు.

తెచ్చీ తేవడంతోనే పెద్ద తొట్టిలో వేయలేదు. విడిగా చిన్న తొట్టిలో, నాలుగు వారాలు. తెల్లమచ్చల రోగం చేపతోపాటే వస్తుంది. దానికి మందు రాగి. (రాగిపట్టెల చేపకు రాగి మందు!) ఆ మందు పగడాలున్న తొట్టిలో వేస్తే పగడాలూ రొయ్యలూ చస్తాయి, అందుకని విడిగానే. మందు పడిన చేపకు ఉన్న ఆకలీ పోతుంది కనుక, తినడం స్థిరపడ్డాకే మందు.

ముందుగా బ్రతికి ఉన్న నల్లపురుగులు తెచ్చాను. దారంలా సన్నగా మెలికలు తిరిగే మంచినీటి పురుగులవి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తెరిచి, పెరుగు గిన్నె పక్కన ఆ డబ్బాను చూసి, చాలా నెమ్మదిగా తలుపు మూసింది. ఆ మౌనానికి భయపడి మరునాడే గరాజులోకి చిన్న ఫ్రిజ్ ఒకటి కొన్నాను.

నాలుగు రోజులు చేప ఆ పురుగులను కూడా ముట్టలేదు. నీళ్లలోకి వదిలితే అవి అడుగుకు దిగి, ఒకచోట ముద్దగా చుట్టుకొనేవి. అమ్మ ఇది చూసి, మా ఇంట్లో తల్లి చచ్చిన బర్రెదూడను సాకిన సంగతి చెప్పింది. పాలగిన్నె ముందు పెడితే దూడ తాగలేదు. వేలు పాలలో ముంచి నోట్లో పెడితే, వేలిని పొదుగనుకొని చీకింది. వేలితోపాటే మూతిని గిన్నెలోకి దించింది ఆమె. "దానికి ఆకలి లేక గాదు. అది కూడని తెలవక," అంది.

ఆల్చిప్పలు ఖాళీవి కడిగి, వాటి లోపలి మడతల్లో పురుగులను కుక్కి, రాళ్ల సందులో నిలబెట్టాము. కొరియా వాళ్ల దుకాణంలో దొరికే ఆల్చిప్ప మాంసాన్ని సన్నగా తరిగి చిల్లుల రాతి గుంటల్లో అద్దాము. ఈ ఉపాయం ఈ చేపను పెంచేవారందరికీ తెలిసినదే, మేము కనిపెట్టినది కాదు. కానీ చేసేవాళ్లు కావాలి కదా. పూటకు పూట కాదు, రోజుకు అయిదుసార్లు, చిటికెడు చిటికెడు. నేను ఆఫీసుకు పోతే ఆ పని అమ్మది. గోడ గడియారం కింద కాగితం అంటించి అయిదు వేళలూ పెద్ద అక్షరాలతో వ్రాసుకుంది. పెట్టి, పక్కకు జరిగి కూర్చొనేది. నేను మీదికి వంగి చూడబోతే, "అట్ట కండ్లప్పగించి చూస్తే ఎట్ట తింటది? దిష్టి," అని కసిరేది. దిష్టి సంగతి నాకు తెలియదు గాని, అద్దానికి ఆనుకొని పెద్ద తల కనబడితే ఆ చేప రాతివెనక్కి పోయేమాట నిజం.

అయిదవ రోజు మధ్యాహ్నం నాకు ఆఫీసులో ఫోన్ వచ్చింది. "పొడిచింది," అంది అమ్మ. ఇంకేమీ చెప్పలేదు, పెట్టేసింది.

తరువాత పురుగులలో కరిగించిన మైసిస్ రొయ్యలు నాలుగు కలపడం, ఆపైన ఆరు, ఆపైన సగానికి సగం. జూలై చివరికి మైసిస్ ఒక్కటే వేసినా తినసాగింది. రాగి మందు పూర్తిచేసి, పెద్ద తొట్టిలో వేసేటప్పుడు నాలుగు రోజులు చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలో ఉంచాము. అక్కడ నాలుగేళ్లుగా కాపురమున్న పసుపు టాంగ్ చేపకు కొత్తవాళ్లంటే పడదు. తోకతో కొట్టాలని పెట్టెచుట్టూ తిరిగి తిరిగి, విసిగి, మరచిపోయింది.

ఆ రోజుల్లోనే మా ఆవిడ ఒక మాట చెప్పింది, నేను గమనించనిది. అమ్మ వచ్చిన కొత్తల్లో మధ్యాహ్నం అన్నం సరిగా తినేది కాదట. నాలుగు మెతుకులు మజ్జిగలో కలుపుకొని లేచేదట. అడిగితే ఆకలి లేదనేదట. చేప వచ్చాక, ఒంటిగంటకు దానికి పెట్టి, తన పళ్లెం తెచ్చుకొని తొట్టిముందే కూర్చుంటోందట. రోజూ నీళ్లు పరీక్షించేవాణ్ణి, ఇది చూడలేదు.

అక్టోబరులో అమ్మ వెళ్లిపోయింది. కాగితం గడియారం కిందే ఉంది. ఆమె స్థానంలో నేను గడియారం కట్టిన తిండిపెట్టె కొన్నాను గాని, అది వేసే గుళికలను చేప ఉమ్మివేసింది. కనుక ఉదయం రెండుసార్లు నేను, మధ్యాహ్నం ఆవిడ (అవును, ఆవిడే), సాయంత్రం పిల్లలు. ఇది అయిదవ ఏడు. ఆరంగుళాలకు పెరిగింది. గొట్టంపురుగులు అన్నిటినీ తినివేసింది, అందుకు నాకు బెంగలేదు. ఎక్కువ తిండి పడుతుంది కనుక స్కిమ్మరుకు పని ఎక్కువ, అద్దం వారానికి మూడుసార్లు గీకాలి. సెలవులకు మూడు రోజులు దాటి ఎక్కడికీ పోలేము.

ఒక్క మొన్న సంక్రాంతికి మాత్రం రెండు వారాలు ఊరికి వెళ్లాము. తోటి ఉద్యోగి కొడుకుకు, పదహారేళ్లవాడు, కాగితం చూపించి, మైసిస్ కరిగించడం నేర్పించి, తాళాలిచ్చి వెళ్లాను. బేస్తవారిపేటలో సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి అక్కడ ఉదయం ఏడు. ఆ వేళకు అమ్మ క్యాను నీళ్లు బిందెలో ఒంపుకొని, వాకిట్లో మంచం మీదికి వచ్చి కూర్చొనేది, నా ఫోన్ కోసం. మొదటి రోజు పిల్లవాడు పంపిన వీడియోలో చేప కనబడలేదు. ఖాళీ రాయి, ఊగే పగడం, పసుపు టాంగ్. అమ్మ ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"వాణ్ణి పక్కకు జరగమను," అంది.

ఆ మాట వాడికి చెప్పాను. కొంతసేపటికి ఇంకో వీడియో వచ్చింది. ఈసారి దూరంగా, సోఫామీద కూర్చొని తీసినట్టుంది. ఎడమవైపు రాతి వెనకనుంచి ముందుగా సన్నని మూతి వచ్చింది.